బడికి ముందు మూడేళ్లు

అంగన్వాడీ అంటే ఏమిటి? ఏ ఊళ్లో అడిగినా "గుడ్లు ఇచ్చే చోటు" అంటారు. కొందరు "సూదులేసే చోటు" అంటారు. "చదువు చెప్పే చోటు" అనేవాళ్లు తక్కువ.

ఇందులో తల్లుల తప్పేమీ లేదు. కరువు సీమలో ముందు కడుపు నిండాలి. అనంతపురం జిల్లాలో ఏడాది మొత్తం మీద సగటున 550 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. అది కూడా అన్ని ఏళ్లూ కురవదు. చెనక్కాయ పంట ఎండిపోతే ఇంట్లో గింజా ఉండదు, చేతికి కూలీ ఉండదు. అట్లాంటి చోట పిల్లోడికి ఒక గుడ్డు, ఒక పూట అన్నం పప్పు దొరకడం చిన్న సంగతి కాదు. అయితే గుడ్డుతో పాటు ఇంకొకటి కూడా ఇస్తామని సర్కారు మొదటి నుంచీ చెప్పింది. మూడేళ్లు నిండిన బిడ్డకు ఆరేళ్లు వచ్చే దాకా ఆటపాటలతో చదువు నేర్పుతామని చెప్పింది. ఆ మాట మాత్రం చాలా ఊళ్లలో సగంలోనే ఆగిపోయింది.

కంబదూరులో మొదలు

ఈ పథకానికి అనంతపురం జిల్లాతో పాత సంబంధం ఉంది. 1975 అక్టోబరు 2న, గాంధీ జయంతి రోజున, దేశంలో 33 చోట్ల దీన్ని మొదలుపెట్టారు. సమగ్ర శిశు అభివృద్ధి సేవా పథకం అని దీని పేరు. పొట్టిగా ఐ.సి.డి.ఎస్. అంటారు. అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో గిరిజన ప్రాంతం కింద ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరును తీసుకున్నారు. పల్లె ప్రాంతం కింద తీసుకున్నది అనంతపురం జిల్లా కంబదూరును. కర్ణాటక సరిహద్దు పక్కన, ఎర్రనేలల నడుమ ఉన్న ఊరు అది. ఇప్పుడు రాష్ట్రంలో సుమారు 55 వేల అంగన్వాడీ కేంద్రాలు ఉన్నాయి.

పథకంలో ఆరు పనులు రాసి పెట్టారు. పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, జబ్బు చేసినవాళ్లను ఆసుపత్రికి పంపడం, తల్లులకు ఆరోగ్యం గురించి చెప్పడం, మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు బడికి ముందు చదువు. గుడ్డు ఇచ్చారా లేదా అన్నది కంటికి కనబడుతుంది. టీకా వేశారా లేదా అన్నది కార్డులో ఉంటుంది. చదువు చెప్పారా లేదా అన్నది వెంటనే కనబడదు. అందుకే అడిగేవాళ్లు లేరు.

అసలు అంగన్వాడీ అనే పేరు ఎట్లా వచ్చిందో తెలుసుకుంటే బాగుంటుంది. అంగన్ అంటే వాకిలి. మహారాష్ట్రలో తారాబాయి మోడక్ అనే ఆమె 1945లో బోర్డి అనే ఊళ్లో చిన్నపిల్లల బడి నడిపింది. ఆమెతో పాటు అనుతాయి వాఘ్ కూడా పనిచేసింది. పేద కులాల పిల్లలు, గిరిజన పిల్లలు ఆ బడికి రాలేదు. వాళ్లు రాకపోతే మనమే పోదాం అనుకున్నారు వాళ్లిద్దరూ. వాడల్లోకి పోయి, ఇళ్ల వాకిళ్లలోనే పిల్లల్ని కూర్చోబెట్టి ఆడించారు, పాడించారు. గింజలు, ఆకులు, గవ్వలే వాళ్లకు బొమ్మలు. చదువు వాకిట్లోకి వచ్చింది కాబట్టి ఆ మాట పుట్టింది.

పలక పట్టకముందు

బడికి తయారు కావడం అంటే ఏమిటి? అ ఆ లు రాయడమా? ఏబీసీడీలు అప్పజెప్పడమా? చాలామంది అట్లాగే అనుకుంటారు. మూడేళ్ల బిడ్డ చేతికి పలక ఇచ్చి, "రాయి" అంటారు. రాయకపోతే "మొద్దు" అంటారు.

అక్షరాస్యతా కేంద్రానికి వచ్చిన అక్కచెల్లెళ్లకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. కొడవలి పట్టిన చెయ్యి బలపం పట్టినప్పుడు వేళ్లు ఎంత బిగుసుకుపోయాయో వాళ్లకు తెలుసు. గీత ఒకవైపు గీయబోతే ఇంకోవైపు పోయేది. పెద్దవాళ్ల వేళ్లే అట్లా ఉంటే, పసిబిడ్డ వేళ్లు ఎట్లా ఉంటాయి? వాటికి ముందు వేరే పని కావాలి. మట్టి పిసకాలి. పూసలు దారానికి గుచ్చాలి. చింతగింజలు ఒక్కొక్కటే ఏరి డబ్బాలో వెయ్యాలి. చెనక్కాయ ఒలవాలి. ముగ్గుపిండితో గీతలు గీయాలి. వేళ్లకు ఆ పట్టు వచ్చాక బలపం దానంతట అది నడుస్తుంది.

చెవికీ నోటికీ కూడా తయారీ కావాలి. కథ విన్న బిడ్డకు "తర్వాత ఏమైంది?" అని అడగాలనిపిస్తుంది. పాట పాడిన బిడ్డకు కాకి, కోడి, కొండ అనే మాటల్లో మొదటి శబ్దం ఒకటే అని తెలుస్తుంది. 'క' అనే అక్షరం అప్పుడు వింతగా ఉండదు. చింతగింజలు పంచుకుంటే ఎక్కువ తక్కువ తెలుస్తాయి. గుండ్రాళ్లను పెద్దవీ చిన్నవీ వరుసగా పేరిస్తే లెక్కకు పునాది పడుతుంది. నలుగురిలో కూర్చోవడం, తన వంతు వచ్చేదాకా ఆగడం, తల్లి కనబడకపోయినా ఏడవకుండా ఉండడం కూడా నేర్చుకోవలసినవే. ఇవన్నీ రాని బిడ్డ ఒకటో తరగతిలో భయంతో మూల కూర్చుంటాడు. బడి మానేసిన పిల్లల్లో ఎంతోమందికి ఆ మూలలోనే బడి మీద విరక్తి పుట్టింది.

"మావాడు అంగన్వాడీలో ఊరికే ఆడుకుంటాడు. ప్రైవేటు వాళ్లయితే రాయిస్తారు" అనే తల్లులు ఉన్నారు. అప్పు చేసి వ్యాను బడికి పంపేవాళ్లూ ఉన్నారు. ఆట ఊరికే పోయేది కాదు. అయితే ఇంకొకటి కూడా చెప్పాలి. పిల్లలు గోడకు ఆనుకుని అన్నం కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే దాన్ని ఆట అనరు. తల్లులు రెండింటికీ తేడా చూడాలి.

ఆరేళ్లు నిండే లోపలే మెదడు ఎదుగుదల 85 శాతం దాటుతుందని 2020 నాటి జాతీయ విద్యా విధానం చెప్పింది. అందుకే మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల దాకా ఐదేళ్ల చదువును ఒకటే పునాది దశగా లెక్కపెట్టమంది. అందులో మూడేళ్లు అంగన్వాడీ లేదా బాలబడి, తర్వాత ఒకటి, రెండు తరగతులు.

ఈ చదువుతో ఏం లాభమో అమెరికాలో పరీక్షించి చూశారు. ఇప్సిలాంటి అనే ఊళ్లో 1962లో 123 మంది పేద నల్లజాతి పిల్లలను తీసుకున్నారు. 58 మందికి చిన్నపిల్లల బడి పెట్టారు. 65 మందికి పెట్టలేదు. వాళ్లకు నలభై ఏళ్లు వచ్చేదాకా ఎట్లా ఉన్నారో కనిపెట్టుకుని ఉన్నారు. చిన్నప్పుడు ఆ బడికి పోయినవాళ్లలో ఎక్కువమంది హైస్కూలు పూర్తి చేశారు. సంపాదన కూడా వాళ్లదే మెరుగు. పోలీసు కేసులు వాళ్లలో తక్కువ. కానీ అక్కడ ఒక్కో టీచరుకు ఐదారుగురే పిల్లలు. టీచర్లు ప్రతి వారం ఇంటికి వచ్చి తల్లితో మాట్లాడేవాళ్లు. ఖర్చు లేకుండా ఆ ఫలం రాదు.

రాష్ట్రం మొత్తానికి ఒక ఏర్పాటు

అంగన్వాడీ ఒక శాఖ కింద ఉంది. బడి ఇంకో శాఖ కింద ఉంది. ఒకటి మహిళా శిశు సంక్షేమ శాఖ, ఇంకొకటి విద్యాశాఖ. బిడ్డ మాత్రం ఒక్కటే. అంగన్వాడీ నుంచి బడికి పోయే ఆ నాలుగు అడుగుల దూరంలో ఎంతోమంది పిల్లలు తప్పిపోతారు. అంగన్వాడీలో ఏం నేర్చుకున్నారో బడి పంతులికి తెలియదు. బడిలో ఏం అడుగుతారో అంగన్వాడీ టీచరుకు తెలియదు.

ఈ రెండిటినీ కలపాలని ఆంధ్రప్రదేశ్‌లో కొన్నేళ్లుగా ప్రయత్నం జరుగుతోంది. అంగన్వాడీల్లో పూర్వ ప్రాథమిక విద్య ఒకటి, రెండు అని తరగతులు పెట్టారు. పీపీ-1, పీపీ-2 అంటారు. కొన్నిచోట్ల అంగన్వాడీని బడి ఆవరణలోకి చేర్చారు. వీటినే ఫౌండేషన్ బడులు అన్నారు. చదువులు బాగుచేయడానికని 2021లో ప్రపంచ బ్యాంకు రాష్ట్రానికి 25 కోట్ల డాలర్ల అప్పు మంజూరు చేసింది. 2022లో మూడు, నాలుగు, ఐదు తరగతులను చాలాచోట్ల హైస్కూళ్లలో కలిపారు. దూరం ఎక్కువైందని తల్లిదండ్రులు గొడవ చేశారు. 2025లో ఆ ఉత్తర్వును రద్దు చేసి బడులను మళ్లీ వేరే రకంగా సర్దారు. ప్రభుత్వం మారినప్పుడల్లా బోర్డు మీద పేరు మారుతుంది. మూడేళ్ల బిడ్డకు బోర్డుతో పనిలేదు. పలకరించే మనిషి ఉందా, ఆడించే సమయం ఆమెకు ఉందా అన్నదే వాడికి కావలసింది.

సమయం సంగతే చూద్దాం. ఒక్క టీచరు పిల్లల్ని తూకం వెయ్యాలి. గర్భిణుల పేర్లు రాయాలి. బాలింతల ఇళ్లకు పోవాలి. సరుకుల లెక్క చూడాలి. ఫోనులో వివరాలన్నీ ఎక్కించాలి. సిగ్నలు లేకపోతే మిద్దె ఎక్కాలి. టీకాల రోజు అందరినీ పిలుచుకురావాలి. ఇన్ని పనుల మధ్య చదువు చెప్పడం ఎప్పుడు? రోజుకు కనీసం రెండు గంటలు చదువుకే ఇవ్వాలని 2023లో కేంద్ర ప్రభుత్వం చెప్పింది. దీనికోసం టీచర్లకు శిక్షణ కూడా మొదలుపెట్టింది. ఆ రెండు గంటలు నిజంగా మిగలాలంటే కాగితాల పని తగ్గించాలి, లేదా ఇంకో మనిషిని ఇవ్వాలి.

జీతం మాట కూడా ఉంది. 2023 డిసెంబరు 12 నుంచి రాష్ట్రంలో అంగన్వాడీ టీచర్లు, ఆయాలు 42 రోజులు సమ్మె చేశారు. అప్పుడు టీచరుకు నెలకు 11,500 రూపాయలు, ఆయాకు 7,000. దాన్ని జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. సమ్మె మీద ప్రభుత్వం ఎస్మా చట్టం ప్రయోగించింది. అత్యవసర సేవ ఆపకూడదని చెప్పే చట్టం అది. పని అత్యవసరమే అయినప్పుడు, కూలీ మాత్రం గౌరవం పేరుతో ఎందుకు ఇవ్వాలని ఆ ఆడవాళ్లు అడిగారు. అడగదగ్గ మాటే. అంతకుముందు 2022లో, వీళ్లకు గ్రాట్యుటీ ఇవ్వాలని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

కరువు ఊరికి సరిపోవాలంటే

రాజధానిలో కూర్చుని గీసిన ఏర్పాటు అనంతపురం మెట్టమీద నడవాలంటే ఇంకా కొన్ని చూడాలి.

చెనక్కాయ పీకే రోజుల్లో కూలీ తల్లి తెల్లారకముందే చేనికి పోతుంది. కేంద్రం తెరిచే వేళకు ఇంట్లో ఎవరూ ఉండరు. పసివాణ్ణి ఎవరు తీసుకుపోతారు? పెద్దకూతురు. ఆమెకు తొమ్మిదేళ్లో పదేళ్లో ఉంటాయి. తమ్ముణ్ణి చంకనేసుకుని ఇంటి దగ్గరే ఉండిపోతుంది. ఇది చదివే అక్కల్లో చాలామంది చిన్నప్పుడు బడికి పోకపోవడానికి కారణం ఇదే. తమ్ముడు పొద్దున్నే అంగన్వాడీలో ఉంటే అక్క బడిలో ఉంటుంది. అంటే చిన్నపిల్లల కేంద్రం సరిగ్గా నడిస్తే ఇద్దరికి చదువు వస్తుంది.

పనిచోట నీడ గురించి కూడా చట్టంలో రాశారు. ఉపాధి హామీ పథకం దేశంలో మొదలైంది అనంతపురం జిల్లాలోనే. 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో ప్రధాని మన్మోహన్ సింగ్ దాన్ని ప్రారంభించారు. పనిచోట ఐదుగురు, అంతకు మించి పసిపిల్లలు ఉంటే వాళ్లను చూసుకోవడానికి ఒక ఆడమనిషిని పెట్టాలని, ఆమెకూ కూలీ ఇవ్వాలని ఆ చట్టంలో ఉండేది. చాలాచోట్ల చీర ఉయ్యాల తప్ప ఇంకేమీ కనబడలేదు.

వలస ఇంకో చిక్కు. వానలు లేని ఏడాది అమ్మానాన్న బెంగళూరు పోతారు. బిడ్డను వెంట తీసుకుపోతే ఇక్కడి రిజిస్టరులో పేరు పోతుంది, అక్కడ చేర్చుకోరు. అవ్వ దగ్గర వదిలిపోతే అవ్వకు అన్నం వండడమే కష్టం. పోయే తల్లి టీచరుకు చెప్పిపోవడం మంచిది. పేరు తీసేయకుండా ఉంచమని, టీకా కార్డు వెంట పెట్టుకుని పోతున్నానని చెప్పాలి.

మాట తేడా కూడా ఉంది. ఈ జిల్లా సరిహద్దు ఊళ్లలో కన్నడం, తండాల్లో లంబాడీ భాష, కొన్ని వీధుల్లో ఉర్దూ ఇంటి మాటలు. కేంద్రంలో తెలుగు. ఇప్పుడు ఇంగ్లీషు కూడా వచ్చి చేరింది. ఇంటి మాటలో పలకరించే మనిషి లేకపోతే బిడ్డ నోరు విప్పడు. తండా కేంద్రంలో తండా ఆడమనిషే టీచరుగా ఉంటే సగం కష్టం తీరుతుంది.

తల్లులు ఏం చెయ్యొచ్చు?

ఒకరోజు పని మానుకునైనా పోయి గంటసేపు కేంద్రంలో కూర్చోవచ్చు. ఈ వారం ఏ కథ చెప్పారు, ఏ పాట నేర్పారు అని అడగొచ్చు. ఇది తగాదాకు కాదు. టీచరుకు కూడా అడిగే మనుషులు ఉన్నారని ధైర్యం. ఇంట్లో ఉన్న ఖాళీ డబ్బాలు, గుడ్డముక్కలు, చింతగింజలు కేంద్రానికి ఇవ్వొచ్చు. కథలు తెలిసిన అవ్వను వారానికొకసారి కూర్చోబెట్టొచ్చు.

అసలు కేంద్రమే లేని వాడలు, తండాలు ఉంటే? రాజ్యాంగంలో 45వ అధికరణం ఆరేళ్ల లోపు పిల్లలందరికీ సంరక్షణ, చదువు ఇవ్వడానికి రాజ్యం ప్రయత్నించాలని చెబుతుంది. ఆరేళ్ల నుంచి పద్నాలుగేళ్ల దాకా చదువు హక్కు. ఆరేళ్ల లోపు మాత్రం ప్రయత్నం. ఆ ఒక్క మాట తేడాతో చిన్నపిల్లలు వెనకబడిపోయారు. కానీ 2006 డిసెంబరు 13న సుప్రీంకోర్టు ఒక ఆదేశం ఇచ్చింది. ఆరేళ్ల లోపు పిల్లలు 40 మంది ఉండి, అంగన్వాడీ లేని చోట జనం అడిగితే మూడు నెలల్లో కేంద్రం పెట్టాలని చెప్పింది.

అందుకు ముందు లెక్క కావాలి. ఇల్లిల్లూ తిరిగి పిల్లల పేరు, వయసు, తల్లి పేరు ఒక కాగితం మీద రాయాలి. ఇది పొదుపు సంఘంలో చదువు వచ్చిన ఇద్దరు రెండు సాయంత్రాల్లో చేయగల పని. కింద అందరూ సంతకాలు పెట్టాలి, వేలిముద్రలు వద్దు. ఒక నకలు సర్పంచికి, ఒకటి ఐ.సి.డి.ఎస్. ప్రాజెక్టు అధికారికి ఇవ్వాలి. సోమవారం కలెక్టరు ఆఫీసులో అర్జీలు తీసుకుంటారు. అక్కడ ఇస్తే రసీదు అడిగి తీసుకోవాలి. అర్జీ మీద తేదీ వేయడం మరిచిపోకూడదు. మూడు నెలలు లెక్కపెట్టేది ఆ తేదీ నుంచే.