వినేవాళ్లుంటేనే ట్రాకర్

1961లో అమెరికాలోని యెల్లోస్టోన్ నేషనల్ పార్కులో ఫ్రాంక్, జాన్ క్రెయిగ్‌హెడ్ అనే కవల సోదరులు ఒక ఆడ ఎలుగుబంటికి మత్తిచ్చి, మెడకు రేడియో పట్టీ కట్టారు. దానికి మరియన్ అని పేరు పెట్టారు. పట్టీలోని ట్రాన్స్‌మిటర్ బీప్ బీప్‌మంటుంటే, వీళ్లు యాంటెనా పట్టుకుని గుట్టలెక్కి అటూ ఇటూ తిప్పేవాళ్లు. చప్పుడు ఎటు తిప్పితే గట్టిగా వినబడుతుందో ఎలుగు అటున్నట్టు. రెండు చోట్ల నుంచి విని మ్యాపు మీద రెండు గీతలు గీస్తే, అవి కలిసిన చోట మరియన్ దొరికేది. అలా వెంటబడి అది చలికాలం పడుకునే గుహ దాకా వెళ్లగలిగారు.

ఇవాళ పెంపుడు కుక్కల మెడలో కనిపించే ట్రాకర్లకు తాత లాంటిది ఆ పట్టీ. పరికరం ఎన్నిసార్లు రూపం మార్చుకున్నా, ఒక ప్రశ్న మాత్రం దాన్ని వదల్లేదు: వినేదెవరు?

ఉపగ్రహాల కథ ఆ పట్టీకి ముందే మొదలైంది. 1957లో సోవియట్ ఉపగ్రహం స్పుత్నిక్ బీప్‌లను విన్న అమెరికా శాస్త్రవేత్తలు, ఆ శబ్దంలోని హెచ్చుతగ్గులను బట్టి అది తిరిగే కక్ష్యను లెక్కగట్టారు. కక్ష్య ముందే తెలిస్తే, వినేవాడు ఎక్కడున్నాడో చెప్పలేమా అని వాళ్ల పై అధికారి ప్రశ్నను తిరగేశారు. ఉపగ్రహాలతో దారి తెలుసుకోవడం అక్కడ మొదలైంది. జీపీఎస్ తొలి ఉపగ్రహం 1978లో ఎగిరింది. కానీ మామూలు జనానికి అందే సంకేతాన్ని అమెరికా సైన్యం కావాలనే మసకబార్చేది, దాదాపు వంద మీటర్ల తేడా వచ్చేది. ఇరుకు బస్తీలో వంద మీటర్లంటే ఎన్ని సందులు! 2000 మే నెలలో ఆ మసక తీసేశాకే, తప్పిపోయిన కుక్కను దీంతో వెతకొచ్చన్న ఆలోచనకు అర్థం వచ్చింది.

ఉపగ్రహం పైనుంచి మన కుక్కను కనిపెట్టుకుని ఉంటుందని చాలామంది అనుకుంటారు. పాపం, దానికి కుక్క ఉన్న సంగతే తెలియదు. ఇరవై వేల కిలోమీటర్ల ఎత్తునున్న ఉపగ్రహాల్లో కనీసం నాలుగింటి సంకేతాలు విని, కుక్క మెడలోని జీపీఎస్ కాలరే తన చోటు లెక్కేసుకుంటుంది. ఆ కబురు మీ ఫోనుకు చేరాలంటే కాలర్లో సిమ్ ఉండాలి, దగ్గర్లో సెల్ టవర్ ఉండాలి. నెలనెలా చందా అందుకే. ఈ రెండు పనులతో బ్యాటరీ త్వరగా అయిపోతుంది కాబట్టి రోజుల వ్యవధిలోనే ఛార్జింగ్ పెట్టాలి.

2021లో వచ్చిన ఆపిల్ ఎయిర్‌ట్యాగ్ అనే చిన్న బిళ్లకు ఈ బాదరబందీ లేదు, నాణెం లాంటి బ్యాటరీ ఏడాది వరకూ వస్తుంది. అందులో జీపీఎస్ లేదు. అటుగా వెళ్లే ఎవరి ఐఫోనో దాని బ్లూటూత్ పలుకు విని, జాడ చేరవేస్తుంది. ఐఫోన్లు కిటకిటలాడే హైటెక్ సిటీలో ఇది బాగా పనిచేస్తుంది. మిరప చేల మధ్య తప్పిపోయిన కుక్కకు వినే ఫోనేది? పైగా దీన్ని వస్తువుల కోసమే చేశామని ఆ కంపెనీయే చెప్పింది. కుక్క దాన్ని కొరికి బ్యాటరీ మింగితే గంటల్లోనే గొంతు లోపల కాలిపోవచ్చు.

చర్మం కింద వేసే బియ్యపు గింజంత మైక్రోచిప్ అసలు ట్రాకరే కాదు. అందులో బ్యాటరీ ఉండదు. స్కానర్‌ను దగ్గరగా పెట్టినప్పుడే తన పదిహేనంకెల నంబరు చెబుతుంది. అయితే కాలర్ ఊడిపోయినా అది ఊడదు.

నా మాట అడిగితే, తోటలూ పొలాలూ తిరిగే కుక్కకు సిమ్ ఉన్న జీపీఎస్ కాలరే కొనండి, కొనేముందు మీ ఊళ్లో ఏ నెట్‌వర్క్ అందుతుందో చూసుకోండి. ఇంటిపిల్లి తప్పిపోతే చాలాసార్లు పక్కింటి మూలల్లోనే నక్కి ఉంటుంది, దానికి తేలికైన బ్లూటూత్ ట్యాగు చాలు. పట్టీ మాత్రం ఎక్కడైనా తగులుకుంటే దానంతటదే విడిపోయేది వెయ్యండి. చిప్ రెండింటికీ వేయించండి. ఫోన్ నంబరు మారినప్పుడు చిప్ రిజిస్ట్రేషన్‌లోనూ మార్పించడం మరవకండి.