కింద జిప్పు కుట్టిన ప్యాంటు

‘‘ప్యాంటు నేలంతా ఊడుస్తోంది, కాస్త పైకి లాక్కోరా’’ అన్నాను మావాడితో. ఇంజనీరింగ్ రెండో ఏడు. వాడు పట్టించుకోలేదు గానీ, వరండాలో పేపరు చదువుతున్న మా నాన్న పకపకా నవ్వారు. ‘‘ఈ మాటే 1976లో మీ తాత నన్నన్నాడు. ఇక ఇంట్లో చీపురెందుకు, నువ్వే ఓ చుట్టు తిరిగిరా అని కూడా అన్నాడు’’ అంటూ అటక మీది ఇనప్పెట్టె దింపించారు.

నాఫ్తలిన్ ఉండల వాసన మధ్య నుంచి బయటికొచ్చింది, ముదురు గోధుమరంగు టెరికాట్ బెల్‌బాటమ్. తొడల దగ్గర బిగుతు. మోకాలు దాటాక గంటలా విచ్చుకుంది. టేపు పెడితే కింద చుట్టుకొలత 28 అంగుళాలు! అంచు తిప్పి చూస్తే లోపలివైపు చుట్టూ ఇత్తడి జిప్పు కుట్టి ఉంది. నేలకు రాసుకుని గుడ్డ చిరగకుండా ఆనాటి టైలర్లు కనిపెట్టిన ఉపాయం అది. నడుస్తుంటే సిమెంటు గచ్చు మీద గరగరమనేదట. ఆ చప్పుడుకే క్లాసులో తలలు తిరిగేవని నాన్న కోత. అందులో సగమైనా నిజమే అయ్యుంటుంది.

నా వంతు 1996లో వచ్చింది. ‘ప్రేమదేశం’ ఆడాక మా ఊరి సెలూన్లలో అందరికీ అబ్బాస్ కటింగే. నడిపాపిడి, నుదుటి మీద రెండు వైపులా జారే జుట్టు, ముందు కుచ్చిళ్ల బ్యాగీ ప్యాంటు. ఆ తర్వాత కాలం ఎంత బిగిసిందంటే, పెన్సిల్ కట్ జీన్సులోకి కాలు దూరడానికి పాదానికి ప్లాస్టిక్ కవరు తొడుక్కున్నవాళ్లను చూశాను. అందరి బీరువాల్లోనూ బిగుతువే ఉన్నాక కొత్తగా అమ్మడానికి వదులువే మిగులుతాయి. ఫ్యాషన్ మళ్లీ మళ్లీ రావడంలో వ్యామోహం కన్నా వ్యాపారమే ఎక్కువని నా అనుమానం. 2001 నాటి ‘ఖుషి’ని 2022 చివర్లో మళ్లీ విడుదల చేస్తే, అది మొదటిసారి ఆడినప్పటికి పుట్టని పిల్లలు థియేటర్లలో ఈలలు వేశారు. సినిమాకు వర్తించింది చొక్కాకు వర్తించదా?

అమ్మాయిల సంగతి ఇంకాస్త తమాషా. బుట్టచేతులు హాయిగా తిరిగొచ్చాయి. జడను పక్కకు నెట్టి క్లచ్చర్ కూర్చుంది. లంగావోణీ మాత్రం ట్రెడిషనల్ డే నాడు వచ్చి, ఫొటోలు దిగి, సాయంత్రానికి వెళ్లిపోతుంది. ఒకప్పుడు అదే రోజూ కాలేజీకి వేసుకెళ్లే బట్ట. పరుగెత్తి బస్సెక్కడానికి చుడీదార్ సుఖమని తెలిశాక దాన్నెవరు రోజూ కడతారు? దాన్ని తిరిగి రావడం అనను, చుట్టపుచూపు అంటాను.

జేమ్స్ లేవర్ అనే ఇంగ్లిష్ రచయిత 1937లోనే దీనికో లెక్క కట్టాడు. పోయిన ఫ్యాషన్ పదేళ్లకు వికారంగా, ఇరవై ఏళ్లకు నవ్వులాటగా, ముప్పై ఏళ్లకు సరదాగా, యాభై ఏళ్లకు వింత ముచ్చటగా కనిపిస్తుందట. మా ఇంట్లో అచ్చం అలాగే జరిగింది. నా కాలేజీ ఆల్బమ్ చూసి మావాడు కడుపుబ్బ నవ్వాడు. తాత బెల్‌బాటమ్ మాత్రం మడతపెట్టి బ్యాగులో వేసుకున్నాడు.

నడుము ఓ అంగుళం వదులు చేయించాలి. నాన్న కుట్టించుకున్న టైలరు దుకాణం ఎప్పుడో మూతపడి, అక్కడిప్పుడు సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. చివరికి వీధి చివర ఆల్టరేషన్ చేసే కుర్రాడికి ఇచ్చాం. వాడు అంచు తిప్పి చూసి, ఇదేంటి సార్, కింద జిప్పెందుకు, తీసేయనా అన్నాడు.

‘‘ముట్టుకోకన్నా, దానికోసమే వేసుకుంటున్నా’’ అన్నాడు మావాడు.

కూలి రెండొందలు. అప్పట్లో గుడ్డకూ కుట్టుకూలికీ కలిపినా అంత కాలేదట.