యుద్ధ విమానాల ఫొటోలు తీయాలా? కెమెరా కంటే ముందు నిలబడే చోటు చూసుకోండి

హైదరాబాద్ పిల్లలకు యుద్ధ విమానం కొత్త కాదు. దుండిగల్‌లో ఎయిర్‌ఫోర్స్ అకాడమీ ఉంది, హకీంపేటలో ఎయిర్‌ఫోర్స్ స్టేషన్ ఉంది. మేడ మీద నిలబడితే శిక్షణ విమానాలు కనిపిస్తూనే ఉంటాయి. 2024 డిసెంబర్ 8న హుస్సేన్ సాగర్ మీద సూర్యకిరణ్ జట్టు విన్యాసాలు చేసినప్పుడు ట్యాంక్‌బండ్ జనంతో నిండిపోయింది. అలాంటివి చూసిన తర్వాత చాలామంది పిల్లలకు మంచి ఫొటో తీయాలన్న కోరిక పుడుతుంది. ఇది మంచి హాబీ. ఓపిక నేర్పుతుంది, సైన్స్ మీద ఆసక్తి పెంచుతుంది. కానీ దీనికి మొదటి పాఠం లెన్స్ గురించి కాదు, ఎక్కడ నిలబడాలి అన్నదే.

గోడ దగ్గర ఎందుకు వద్దు?

బ్రిటన్, అమెరికా యూట్యూబ్ వీడియోల్లో జనం ఎయిర్‌బేస్ కంచె పక్కనే నిచ్చెనలు వేసుకుని ఫొటోలు తీస్తుంటారు. అక్కడ చాలా చోట్ల అది ఎప్పటి నుంచో ఉన్న అలవాటు. దాన్ని చూసి మన దగ్గర అలాగే చేస్తే పెద్ద చిక్కు.

మన దేశంలో 1923 నాటి అధికార రహస్యాల చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. దాని ప్రకారం వైమానిక దళ స్థావరాలు నిషిద్ధ ప్రాంతాలు. దేశ భద్రతకు హాని చేసే ఉద్దేశంతో అక్కడికి వెళ్లినా, చుట్టుపక్కల తిరిగినా, ప్లాన్లు గీసినా నేరమే. రక్షణ స్థావరాల విషయంలో శిక్ష 14 ఏళ్ల వరకు ఉండొచ్చు. "మా వాడికి అలాంటి ఉద్దేశం లేదు కదా" అంటారా? నిజమే. కానీ ఆ మాట తేలేది విచారణలో. అంతవరకు ఫోన్, కెమెరా పోలీసుల దగ్గర, అబ్బాయి స్టేషన్‌లో, ఇంట్లో వాళ్లు లాయర్ ఆఫీసు చుట్టూ. మన ఇళ్లలో అమ్మీ, అబ్బాలకు ఈ విషయంలో ఉండే భయం ఏమిటో విడమరచి చెప్పక్కర్లేదు.

సరదాకు తీస్తే సైన్యానికి ఏమి నష్టమని పిల్లలు అడుగుతారు. ఫొటోలో విమానం ఒక్కటే పడదు. వెనక షెడ్లు, రాడార్, కాపలా, ఎన్ని విమానాలు ఆగి ఉన్నాయో అన్నీ పడతాయి. ఫోన్ అయితే చాలాసార్లు ఎక్కడ, ఏ సమయంలో తీశారో కూడా ఫొటోలోనే దాచి పెడుతుంది.

కొన్ని మామూలు విమానాశ్రయాలు కూడా సైన్యానివే. విశాఖపట్నం విమానాశ్రయం నేవీ వాళ్ల ఐఎన్‌ఎస్ డేగా స్థావరంలో ఉంది. పుణె, శ్రీనగర్, జోధ్‌పూర్ ఎయిర్‌ఫోర్స్ స్థావరాలు. అక్కడ దిగేటప్పుడు, ఎక్కేటప్పుడు కిటికీలోంచి ఫొటోలు తీయవద్దని విమాన సిబ్బంది చెబుతారు. విని ఫోన్ పక్కన పెట్టడమే మంచిది.

గల్ఫ్‌లో ఉన్నవారు ఇంకా జాగ్రత్త

చాలా కుటుంబాల్లో మామూనో, భాయ్‌జానో గల్ఫ్‌లో ఉంటారు. ఈ సంగతి వాళ్లకూ చెప్పండి. 2015లో యూఏఈలోని ఫుజైరా విమానాశ్రయం దగ్గర విమానాలు చూస్తూ నంబర్లు రాసుకున్న ముగ్గురు బ్రిటన్ దేశస్తులు అరెస్టయ్యారు. దాదాపు రెండు నెలలు జైల్లో ఉన్నాక వదిలిపెట్టారు.

యూరప్‌లోనూ ఇలా జరిగింది. 2001 నవంబర్‌లో గ్రీస్‌లోని కలమాటా ఎయిర్‌బేస్ దగ్గర 12 మంది బ్రిటిష్, ఇద్దరు డచ్ హాబీదారులు గూఢచర్యం కేసులో ఇరుక్కున్నారు. 2002 ఏప్రిల్‌లో శిక్ష పడింది. అప్పీల్‌లో నిర్దోషులని తేలేసరికి అదే ఏడాది నవంబర్ వచ్చింది. అంటే నిర్దోషి అని తేలడానికే ఏడాది పట్టింది.

మరి ఎక్కడ తీయాలి?

పిలిచి చూపించే చోట్లు ఉన్నాయి. అన్నిటికంటే పెద్దది బెంగళూరు యెలహంక ఎయిర్‌ఫోర్స్ స్టేషన్‌లో జరిగే ఏరో ఇండియా. 1996లో మొదలైంది, రెండేళ్లకోసారి జరుగుతుంది. 2025 ఫిబ్రవరిలో రష్యా సుఖోయ్-57, అమెరికా ఎఫ్-35 రెండూ అక్కడికి వచ్చాయి. మొదటి రోజులు వ్యాపార ప్రతినిధులకు, చివరి రోజులు మామూలు జనానికి. విన్యాసాలు చూసే చోటుకు విడిగా టికెట్ ఉంటుంది. నిజమైన ఎయిర్‌బేస్‌లో అనుమతితో ఫొటోలు తీసే అవకాశం ఇదే. అక్కడ కూడా రాసి పెట్టిన నియమాలు చదవాలి. డ్రోన్ ఊసు అసలే వద్దు.

విశాఖలో ఆర్‌కే బీచ్ ఒడ్డున టీయూ-142 విమానం మ్యూజియంగా నిలబెట్టి ఉంది. నేవీలో 1988 నుంచి 2017 వరకు పనిచేసిన విమానం అది. కదలని విమానం కాబట్టి వెలుతురు, కోణం నేర్చుకోవడానికి పిల్లలకు మంచి బడి.

ఎయిర్ షోలకు వెళ్లేటప్పుడు ఎండ, జనం సంగతి మరవొద్దు. 2024 అక్టోబర్ 6న చెన్నై మెరీనా బీచ్ షోకు వచ్చిన వారిలో ఐదుగురు చనిపోయారు. నీళ్లు, టోపీ తప్పనిసరి. పసిపిల్లలను, పెద్దవాళ్లను జనం మధ్యలోకి తీసుకుపోవద్దు. జొహర్ నమాజ్ ఎక్కడ చదువుకోవాలో ముందే చూసుకుంటే తర్వాత హడావిడి ఉండదు.

ఫొటో ఎలా తీయాలి?

జెట్ విమానానికి షట్టర్ వేగం సెకనులో 1000వ వంతు, ఇంకా వీలైతే 2000వ వంతు పెట్టండి. ఫ్యాన్ ఉన్న విమానానికి మాత్రం ఈ లెక్క పనికిరాదు. అంత వేగంలో రెక్కలు ఆగిపోయినట్టు పడి, విమానం దారానికి వేలాడే బొమ్మలా కనిపిస్తుంది. దానికి 250వ వంతు దగ్గర మొదలుపెట్టండి. హెలికాప్టర్‌కు ఇంకా తగ్గించాలి. చెయ్యి కుదిరాక 125వ వంతుకు రండి.

ఫోకస్ ఆగకుండా వెంబడించే మోడ్‌లో, ఫొటోలు వరసగా పడే మోడ్‌లో ఉంచండి. లెన్స్ 300 లేదా 400 మిల్లీమీటర్లు ఉంటే చాలు. తెల్లటి ఆకాశం ముందు విమానం నల్లగా పడితే ఎక్స్‌పోజర్ ఒక మెట్టు పెంచండి.

సూర్యుడు మీ వెనక ఉండాలి. ఉదయం వెలుతురు మెత్తగా ఉంటుంది. మధ్యాహ్నం రన్‌వే మీద వేడి సెగ లేచి దూరంగా ఉన్న విమానం నీళ్లలో నీడలా వణుకుతుంది. ఎంత ఖరీదైన లెన్స్ అయినా దాన్ని సరిచేయలేదు.

కాళ్లు కదపకుండా నడుము నుంచి తిరుగుతూ విమానాన్ని వెంబడించాలి. నొక్కిన తర్వాత కూడా తిరగడం ఆపకూడదు. దీని ప్రాక్టీసుకు ఎయిర్‌బేస్ అక్కర్లేదు. సంక్రాంతికి పతంగులు, మిగతా రోజుల్లో గద్దలు, గల్లీలో పోయే బైకులు ఉన్నాయి. గద్ద కన్ను స్పష్టంగా పట్టగలిగిన పిల్లవాడు జెట్‌నూ పట్టగలడు.

ఫోన్ మాత్రమే ఉంటే జూమ్ చేయకండి. విమానాల గుంపు, వెనక పొగ చారలు, చూస్తున్న జనం కలిసి పడేలా వెడల్పుగా తీయండి.

పోస్టు పెట్టే ముందు

2025 మే నెలలో రక్షణ మంత్రిత్వ శాఖ సైనిక కదలికలను ఎవరూ లైవ్‌గా చూపించవద్దని కోరింది. ఇంటి మీదుగా పోయిన విమానాన్ని స్టేటస్‌లో పెట్టడం కూడా మానేయడం మేలు. షో ఫొటోలు పెట్టుకోవచ్చు. ఫోన్‌లో లొకేషన్ ఆఫ్ చేయండి.

ఎవరైనా ఆపితే పరుగెత్తొద్దు, వాదించొద్దు. ఫొటోలు కంగారుగా డిలీట్ చేయొద్దు, అదే అనుమానం పెంచుతుంది. గుర్తింపు కార్డు చూపించి ఎందుకు వచ్చారో ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. అరెస్టు దాకా వస్తే కారణం తెలుసుకునే హక్కు, లాయర్‌తో మాట్లాడే హక్కు, 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందుకు వెళ్లే హక్కు రాజ్యాంగం 22వ అధికరణం ఇచ్చింది. విదేశంలో అయితే వెంటనే భారత రాయబార కార్యాలయానికి తెలియజేయమని అడగాలి.

పిల్లవాడు కెమెరా అడిగితే వద్దనకండి. మొదట మేడ మీద గద్దలతో మొదలుపెట్టించండి, తర్వాత వచ్చే ఏరో ఇండియాకు ఇంటిల్లిపాదీ టికెట్ తీసుకోండి.