జపాన్‌లో మా పిల్ల ఏం తింది?

పదిహేనేళ్ల ఆడపిల్లని దేశంగాని దేశం పంపాలంటే ఏ తల్లికైనా గుండె దడదడలాడుతుంది. 2023 అక్టోబరులో మా అమ్మాయి బడి తరఫున జపాన్‌లోని నారా పట్నం వెళ్లింది. వీళ్ల బడికీ అక్కడి బడికీ ఒప్పందం ఉంది. మన పిల్లలు పది రోజులు వాళ్ల ఇళ్లల్లో ఉండి వాళ్ల బడికి వెళతారు. మరుసటి ఏడు వాళ్ల పిల్లలు మన ఇళ్లకొస్తారు.

మైనరు పిల్లల పాస్‌పోర్టుకి మామూలుగా తల్లీతండ్రీ ఇద్దరూ సంతకం పెట్టాలి. మావారు ఆ కాగితాన్ని వారం రోజులు బల్లమీదే ఉంచేశారు. టికెట్టు డబ్బు మాట నేను చూసుకుంటానని, గాజుల కోసం కడుతున్న చీటీ పాడేసుకున్నాక గానీ కలం పట్టలేదు. గాజులు ఎప్పుడైనా చేయించుకోవచ్చు లెండి.

మాది శాకాహారం. కందిపొడి, కారప్పొడి, గోంగూర పచ్చడి, పులిహోర పులుసు సర్దాను. పచ్చి ఆకులు, పండ్లు విమానాశ్రయంలో తీసేస్తారని టీచర్లు చెబితే కరివేపాకు మానేశాను. పచ్చడి సీసాకి మూడు కవర్లు చుట్టినా నూనె కారి ఒక చుడీదార్ పాడైందట.

మనకన్నా వాళ్లకి మూడున్నర గంటలు ముందు. నేను ఆరింటికి దీపం పెట్టి ఫోను పట్టుకునేసరికి అక్కడ రాత్రి తొమ్మిదిన్నర. మొదటి రెండు రోజులూ ఒకటే కబుర్లు. నారాలో జింకలు రోడ్ల మీదే తిరుగుతాయట, బిస్కెట్టు చూపిస్తే తలవంచి దణ్ణం పెడతాయట. తోదైజీ గుడిలో దాదాపు 15 మీటర్ల కంచు బుద్ధుడున్నాడు. 752లో ఆ విగ్రహానికి కళ్లు తెరిపించే ఉత్సవం చేసింది మన దేశం నుంచి వెళ్లిన బోధిసేనుడనే భిక్షువట! స్నానాల గది సంగతి చెప్పి తనే నవ్వింది. వాళ్లు బయట శుభ్రంగా ఒళ్లు రుద్దుకున్నాక తొట్టెలో వేడినీళ్లలో కూర్చుంటారు. ఇంటిల్లిపాదికీ అవే నీళ్లు. అతిథి అని దీన్ని ముందు పంపితే, వచ్చేటప్పుడు బిరడా లాగేసి నీళ్లన్నీ వదిలేసి వచ్చింది!

మూడోరోజు నుంచి గొంతు మారింది. "తిన్నానమ్మా, బాగున్నానమ్మా" తప్ప మాట లేదు. గట్టిగా అడిగితే ఏడ్చేసింది.

ఆ ఇంట్లో ప్రతిపూటా వేడివేడిగా ఒక గిన్నెడు సూపు ఇస్తారు. సోయాచిక్కుడు పులియబెట్టిన మీసో అనే ముద్ద కలుపుతారు. మన చారులా ఉందని ఇష్టంగా తాగింది. మూడోనాడు వంటింట్లో సాయానికి వెళ్లి చూస్తే, ఆవిడ చిత్రికపట్టిన చెక్కపొట్టులాంటిదేదో నీళ్లలో వేస్తోంది. అది ఎండుచేప! కత్సువోబుషి అంటారు. ఆ రసమే సూపుకి మూలం. శాకాహారమని రాసిచ్చారు కదా అని ఆవిడ ముక్క మాత్రం వెయ్యలేదు. రసం కూడా లెక్కలోకి వస్తుందని పాపం ఆవిడకేం తెలుసు?

ఇది నోరు విప్పకుండా, కడుపులో బాగాలేదని చెప్పి కందిపొడి అన్నంతో రెండు పూటలు గడిపింది. "చెప్పెయ్యి తల్లీ, వండి పెట్టే మనిషికి తెలియాలి" అన్నాను. ఫోనులో తర్జుమా చేసి చూపించిందట. ఆవిడ నోటిమీద చెయ్యి పెట్టుకుని, ఎన్నిసార్లు తలవంచి క్షమించమందో! మర్నాటి నుంచి కోంబు అనే సముద్రపు నాచునీ, ఎండు పుట్టగొడుగుల్నీ రాత్రే నానబెట్టి ఆ రసంతో వండింది. మన కందిపొడి రుచి చూసి, ఎలా చేస్తారో రాసుకుంది కూడా.

ఈ సంగతి మా అత్తగారికి చెప్పడానికి నాకు మూడు రోజులు పట్టింది. మడీ ఆచారం గల మనిషి. తీరా ఆవిడ, "తెలియక తాగినదానికి దోషమేమిటే? ఆ తల్లి మళ్లీ వేరే వండి పెట్టింది, అది చూడు" అన్నారు. నేనే తెల్లబోయాను.

అసలు గొడవ పిల్ల తిరిగొచ్చాక మొదలైంది. ఆ బడిలో రోజూ కాసేపు పిల్లలే గదులు ఊడ్చి, తడిగుడ్డ పెడతారట. మగపిల్లలూ వరసగా వంగి తుడవాల్సిందే. అది చూసొచ్చిన మా అమ్మాయి, అన్నం తిని లేచిపోతున్న తమ్ముణ్ణి ఆపి, "నీ కంచం నువ్వు తియ్యరా" అంది. చేపరసాన్ని క్షమించిన అత్తగారు దీనికి మాత్రం మండిపడ్డారు. "మగపిల్లాడి చేత ఎంగిలి కంచం ఎత్తిస్తావా?" అని. మావారు పేపరు అడ్డం పెట్టుకున్నారు. నేను ఎవరివైపూ మాట్లాడకుండా కంచం నేనే తీసేశాను. అమ్మాయి నావైపు చూసిన చూపు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

2024లో ఆ జపాన్ పిల్ల మా ఇంటికొచ్చింది. మొదటి రాత్రి పప్పుచారు అన్నం తిని, రెండు చేతులూ జోడించి, తన కంచం తనే తీసుకుని తొట్టి దగ్గరికి వెళ్లింది. వద్దంటే వినలేదు. మావాడు చెవులు ఎర్రగా చేసుకుని, తన కంచం ఎత్తి ఆ పిల్ల వెనకే నడిచాడు.

అత్తగారు చూశారు. చూసి, టీవీ వైపు తిరిగి కూర్చున్నారు.