ధ్వజమెత్తినంతనే రాజ్యమగునా?

విరుదునగరము పేరును గూర్చి పెద్దలు చెప్పు ఐతిహ్యమొకటి కలదు. పూర్వమొక వీరుడు తాను గెలిచిన బిరుదుల పతాకములను వెంటగొని ఊరూర తిరుగుచు, తన్ను ఎదిరింపగల వారెవ్వరని అడుగుచుండెనట. ఈ యూరివాడొకడు ఆ సవాలును స్వీకరించి, అతనిని గెలిచి, ఆ బిరుదులను తనవి చేసికొనెనట. మన ‘బిరుదు’ తమిళమున ‘విరుదు’. ఆ మాటతోనే ‘విరుదుపట్టి’ అను పేరు వాడుకలోనికి వచ్చినది; 1923లో అది విరుదునగరమైనది. కథ నిజమగుగాక, కాకపోవుగాక, అందొక నీతి యున్నది. పతాకమును ఎవడైనను ఎత్తవచ్చును. పదుగురు ఒప్పుకొనిననే అది నిలుచును. ఈ నీతిని మనస్సున నుంచుకొని, తమకు తామే రాజ్యములమని ప్రకటించుకొన్న కొన్నిటి చిహ్నములను గూర్చి విద్యార్థులకు వివరింపదలచితిమి.

ధ్వజముపైనను, నాణెముపైనను, శాసనముద్రపైనను రాజు వేయించుకొను గుర్తునకు లాంఛనమని పేరు. పాండ్యులకు మీనము, చోళులకు పులి, చేరులకు విల్లు, పల్లవులకు వృషభము లాంఛనములు. చదువురానివాడు సైతము ముద్రను చూచి రాజాజ్ఞను గుర్తించెడివాడు. విజయనగర ప్రభువుల ముద్రలో వరాహము, ఖడ్గము, సూర్యచంద్రులు ఉండెడివి. సూర్యచంద్రులున్నంతకాలము ఆజ్ఞ చెల్లవలెనని దాని భావము. వరాహ లాంఛనమును బట్టియే బంగారు నాణెమునకు వరాహమను పేరు కలిగినదందురు. సామ్రాజ్యము గతించినను ‘వరహా’ అను మాట తెలుగువారి నోట మిగిలినది.

కోవిల్‌పట్టి పిల్లలకు ఈ విషయము సులభముగా తెలియును. అగ్గిపెట్టెపై సింహమునైనను, కిరీటమునైనను అచ్చువేయవచ్చును. కాని లోపలి పుల్ల వెలుగునను నమ్మకమే ఆ బొమ్మకు విలువ నిచ్చును. పుల్లలు తడిసినచో సింహమును చూచి కొనువాడుండడు.

ఇంగ్లండు తూర్పుతీరమునకు కొంతదూరమున, రెండవ ప్రపంచయుద్ధ కాలమున సముద్రములో కట్టిన కోట యొకటి కలదు. రెండు స్తంభములపై నిలిచిన ఇనుప వేదిక యది. 1967 సెప్టెంబరు 2న రాయ్ బేట్స్ అను నతడు దానిని ‘సీలాండ్’ అను స్వతంత్ర రాజ్యముగా ప్రకటించి, తాను దానికి ప్రభువైనాడు. దాని జెండాలో ఎరుపు నలుపుల నడుమ ఏటవాలుగా తెల్లని పట్టె యుండును. రాజముద్రలో చేపతోకలు గల రెండు సింహములు డాలును పట్టుకొనియుండును. సముద్రమునుండి స్వాతంత్ర్యము అను భావము గల లాటిన్ వాక్యమును క్రింద వ్రాసికొన్నారు. నాణెములు, తపాలాబిళ్లలు సైతము వెలువడినవి. అయినను ఏ దేశమును సీలాండును రాజ్యముగా గుర్తింపలేదు. 1987లో బ్రిటన్ తన సముద్రపు హద్దును 12 నాటికల్ మైళ్లకు పెంచగా ఆ కోట అందులోనే చేరిపోయినది.

తమిళనాడునకు సంబంధించిన ఉదాహరణము ‘కైలాస’. తిరువణ్ణామలైలో జన్మించిన నిత్యానంద 2019లో భారతదేశమును విడిచి, ఆ సంవత్సరమే ఈ పేరుతో రాజ్యము నొకదానిని ప్రకటించెను. దాని జెండాకు ‘ఋషభధ్వజ’ మని పేరు. అందు నందితోపాటు స్థాపకుని రూపము కూడ నున్నది. పల్లవుల కాలపు వృషభము ఇట్లు మరల ధ్వజమెక్కినది. 2023 జనవరిలో అమెరికాలోని న్యూవార్క్ నగరము కైలాసతో సోదరనగర ఒప్పందము చేసికొని, సంగతి తెలిసిన వెంటనే కొలదిదినములలో దానిని రద్దుచేసినది.

మరి రాజ్యమున కేమి కావలెను? 1933 నాటి మాంటెవిడియో ఒడంబడిక నాలుగు లక్షణములను చెప్పినది: స్థిరమైన ప్రజ, నిర్ణీతమైన భూమి, ప్రభుత్వము, ఇతర రాజ్యములతో వ్యవహరింపగల శక్తి. జెండా ఈ పట్టికలో లేదు. ఈ నాలుగును ఉన్నచోట జెండాకు గౌరవము తానే వచ్చును.

మన త్రివర్ణ పతాకమునే చూడుడు. 1921లో విజయవాడలో తెలుగువాడైన పింగళి వెంకయ్య గాంధీజీకి ఒక పతాకపు నమూనాను సమర్పించెను. అది పలుమార్పులు పొంది, అశోకచక్రముతో 1947 జూలై 22న రాజ్యాంగసభ ఆమోదమును పొందినది. ఆ నడుమ దానిని చేతబట్టి చెరసాలలకు వెళ్లినవారెందరో. తమిళనాడు ముద్రలోని గోపురము శ్రీవిల్లిపుత్తూరుదని ప్రసిద్ధి. ఆ యూరు విరుదునగర జిల్లాలోనిదే. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో వర్ణించిన గోదాదేవి పుట్టినచోటు నదియే. తమిళుల ముద్రకును, తెలుగుల కావ్యమునకును ఒకే యూరు ఆశ్రయమైనది. కావున ఈ గడ్డపై మనము పరాయివారము కాము. వేరు పతాకముతో మనకు పనిలేదు.

అయినను తల్లిదండ్రులకు ఒకమాట మనవి చేయవలసి యున్నది. కోవిల్‌పట్టికి దక్షిణముననున్న కయత్తారులో 1799 అక్టోబరు 16న వీరపాండ్య కట్టబొమ్మను ఉరిదీసిరి. తెలుగు మాటాడు పాలెగాండ్ర వంశమాయనది. పాంచాలంకురిచ్చి కోటను ఆంగ్లేయులు నేలమట్టము చేసిరి. కోట పోయినను, ఈ సీమలోని ఇండ్లలో తెలుగు మాట నేటికిని వినబడుచున్నది. కాని మాటాడువారిలో చదువగలవారెందరు? అల్పసంఖ్యాకుల బిడ్డలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన కల్పింపవలెనని 1956లో రాజ్యాంగమున చేరిన 350ఎ అధికరణము చెప్పుచున్నది. ఆ అధికరణమును పుస్తకములో నుండనిచ్చి, బిడ్డకు అక్షరములు నేర్పకున్నచో, అదియు తడిసిన పుల్లలపై సింహము బొమ్మయే యగును.

తమిళమును శ్రద్ధతో నేర్వుడు. అది మన యిరుగుపొరుగుల భాష, మనకు అన్నము పెట్టు భాష. దానితోపాటు సాయంకాలము దీపము పెట్టిన వేళ బిడ్డచేత ఒక తెలుగు పుటను బిగ్గరగా చదివింపుడు. చదువురాని అవ్వ ప్రక్కన కూర్చుండి వినినను చాలును.