పలకపై స్వరలేఖనము

పాటకు ఒక విచిత్రమైన గుణము కలదు. అది పాడుచున్నంతసేపే యుండును. గాయకుడు పాడుట మానినంతనే అది గాలిలో కలిసిపోవును. చిత్రకారుడు వ్రాసిన బొమ్మ గోడపై నిలిచియుండును. శిల్పి చెక్కిన విగ్రహము వేయేండ్లు నిలుచును. పాట మాత్రము పూర్వకాలమున విన్నవారి జ్ఞాపకమునందు తప్ప వేరొకచోట నిలువజాలకుండెను. ఆ జ్ఞాపకము గలవారు గతించినచో పాటయు వారితోడనే పోయెడిది.

ఇందుకు మన తెలుగునాటనే గొప్ప నిదర్శనము కలదు. తాళ్లపాక అన్నమాచార్యులు 1408 మొదలు 1503 వరకు జీవించిన మహావాగ్గేయకారుడు. ఆయన సంకీర్తనములు రాగిరేకులపై చెక్కబడి తిరుమలలో భద్రపరుపబడినవి. వానివలన 12,000కు పైగా పాటలు మనకు దక్కినవి. ఆ రేకులపై పాటల తలమీద రాగము పేరు కలదు. కాని ఆ పాటలను ఏ వరుసలో పాడిరో తెలుపు స్వరములు వ్రాయబడలేదు. అందుచేత నేడు మనము వినుచున్న అన్నమయ్య పాటలలో చాలవాని వరుసలు 20వ శతాబ్దిలోను ఆ తరువాతను విద్వాంసులు కట్టినవే. మాటలు రాగిపై నిలిచినవి. ఆ మహనీయుడు పాడిన వరుసలు మాత్రము చాలవరకు మనకు దక్కలేదు.

స్వరములను వ్రాసి నిలుపవలెనను కోరిక మానవునకు క్రొత్తది కాదు. తమిళనాడులో పుదుక్కోట సమీపమున నున్న కుడుమియాన్మలై యందు ఒక శాసనము కలదు. అందు స్వరసమూహములు రాతిపై చెక్కబడియున్నవి. అది క్రీ.శ. 7వ శతాబ్ది నాటిదని పలువురు పండితుల అభిప్రాయము. ఇటలీ దేశమున 11వ శతాబ్దిలో గైడో అను క్రైస్తవ సన్యాసి గీతలపై స్వరములను గుర్తించు పద్ధతిని వ్యాప్తికి తెచ్చెను. నేటి పాశ్చాత్య సంగీతమునందలి ఐదు గీతల లిపి దానినుండి పెరిగినదే. మన దేశమున సోమనాథుడు 1609లో రచించిన ‘రాగవిబోధము’ నందు వీణావాదనములోని మెలకువలను ప్రత్యేక చిహ్నములతో చూపెను.

1904లో సుబ్బరామ దీక్షితులు ఎట్టయపురమునుండి ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ యను ఉద్గ్రంథమును తెలుగులో ప్రకటించిరి. ముత్తుస్వామి దీక్షితుల కృతులు అనేకములు స్వరసహితముగా మనకు లభించుటకు ఆ గ్రంథమే ముఖ్యకారణము. ఆ దినములలో స్వరమును అచ్చువేయుట ఎంతటి కష్టమో ఊహించుడు. ఒక్కొక్క అక్షరమును, ఒక్కొక్క గుర్తును చేతితో పేర్చవలసియుండెను. ఒక స్వరము తప్పినచో ఆ కూర్పునంతను సవరింపవలసియుండెను.

నేడు ఆ శ్రమ చాలవరకు తగ్గినది. చేతిలో ఇముడు ట్యాబ్లెట్ అను యంత్రమును మీరు చూచియుందురు. అది మన బడి పలకవలెనే బల్లపరుపుగా నుండును. వ్రేలితో తాకినను, దానికై చేసిన కలముతో వ్రాసినను అది గ్రహించును. ఇట్టి పలకలలో పాటల స్వరములను వ్రాయుటకు, దిద్దుటకు, వినుటకు తగిన యాప్‌లు కలవు. కొన్నిటిలో తెరపై చూపబడిన మెట్లను నొక్కి స్వరములను చేర్తురు. మరికొన్ని చేతివ్రాతనే గుర్తించి అచ్చుగీతలుగా మార్చును. 2015లో వెలువడిన స్టాఫ్‌ప్యాడ్ అను యాప్ ఈ రెండవ తెగకు చెందినది.

ఈ యాప్‌లలో చాలవరకు పాశ్చాత్యుల ఐదు గీతల లిపినే వాడును. మన పాఠమును అందులో వ్రాయుట యెట్లో ఒక చిన్న ఉదాహరణముతో చూతము. సంగీతము నేర్చుకొనువారికి తొలిపాఠము మాయామాళవగౌళ రాగములోని సరళీ స్వరము. దానికి ఆదితాళము, అనగా ఆవర్తమునకు ఎనిమిది అక్షరములు. మొదటి ఆవర్తమున స రి గ మ ప ద ని స అని ఎక్కుదుము. రెండవ ఆవర్తమున స ని ద ప మ గ రి స అని దిగుదుము.

ముందుగా తాళమును నిర్ణయింపవలెను. యాప్ అడిగినపుడు గడికి నాలుగు అక్షరములని చెప్పిన చాలును. అట్టి గడులు రెండు కలిసి ఒక ఆవర్తమగును. లఘువు మొదటి గడిలోను, రెండు ద్రుతములు రెండవ గడిలోను ఇముడును. తరువాత ‘సి’ అను స్వరమును షడ్జముగా పెట్టుకొనిన ‘ఇ’ గాంధారము, ‘ఎఫ్’ మధ్యమము, ‘జి’ పంచమము, ‘బి’ నిషాదము అగును. ఈ రాగములోని రిషభ ధైవతములు శుద్ధస్వరములు గనుక ‘డి’, ‘ఎ’ అను వానికి ముందు ఒక అరమెట్టు తగ్గించు ఫ్లాట్ గుర్తును ఉంచవలెను.

ఇచ్చట ఒక జాగ్రత్త కలదు. పాశ్చాత్య పద్ధతిలో పంక్తి మొదటనే ఫ్లాట్ గుర్తులను ఉంచి, పాటకంతటికిని వర్తింపజేయు ఆచారము కలదు. కాని రెండు ఫ్లాట్‌లు కావలెనన్నచో ఆ ఆచారము ప్రకారము అవి ‘బి’కిని ‘ఇ’కిని చెందును గాని మన రిషభ ధైవతములకు చెందవు. కావున ఆ గుర్తులను స్వరముల ప్రక్కనే వ్రాయవలెను. ఒకమారు వ్రాసిన గుర్తు ఆ గడి ముగియువరకే పనిచేయును. మరుసటి గడిలో దానిని మరల వ్రాయవలెను. విద్యార్థులు తరచుగా తప్పునది ఇచ్చటనే. ధైవతమునకు గుర్తు మరచినచో మనము వ్రాసినది 15వ మేళమగు మాయామాళవగౌళ గాక, 17వ మేళమగు సూర్యకాంతమగును. రిషభమునకు కూడ మరచినచో 29వ మేళమగు శంకరాభరణమే యగును. ఒక చిన్న గుర్తు లోపించిన మాత్రమున రాగమే మారిపోవును!

ఇట్టి తప్పును పట్టుకొనుటకు యంత్రము మనకు తోడ్పడును. వ్రాసిన దానిని వినిపింపుమని కోరిన వెంటనే అది వినిపించును. రాగము చెవికి పరిచితమైనచో తప్పు ఎచ్చట నున్నదో తెలిసిపోవును. తాళము లెక్కయు అట్లే. నాలుగక్షరముల గడిలో మూడే వ్రాసినచో చాల యాప్‌లలో మిగిలిన చోట విరామచిహ్నము కనబడును. అంతట మన లెక్క తప్పెనని గ్రహింపవచ్చును. మొదటి కాలములో వ్రాసిన పాఠమును రెండవ కాలమునకు మార్చుటకు స్వరముల నిడివిని సగము చేసిన చాలును. అప్పుడు పదునారు స్వరములును ఒక్క ఆవర్తములో ఇముడును.

యంత్రము ఇదంతయు ఎట్లు చేయగలుగుచున్నది? దానికి చెవి లేదు, రాగజ్ఞానము లేదు. అది సంఖ్యలను మాత్రమే ఎరుగును. 1983లో పలు వాద్యయంత్రముల తయారీదారులు కలిసి మిడి అను ఒప్పందమును చేసికొనిరి. దాని ప్రకారము ప్రతి మెట్టునకు ఒక సంఖ్య ఏర్పడినది. హార్మోనియము నడుమనుండు ‘సి’ సంఖ్య 60. ఒక్కొక్క అరమెట్టునకు ఒకటి చొప్పున పెరుగుచుండును. ఆ లెక్కను మన సరళీ స్వరము 60, 61, 64, 65, 67, 68, 71, 72 అగును. పాడువారి గొంతు ఇంకను హెచ్చు శ్రుతి కోరినచో ప్రతి సంఖ్యకును 7 కలిపిన చాలును. షడ్జము ‘జి’ యను మెట్టునకు చేరును. మనము ఒక్క మీట నొక్కినంత మాత్రమున పాటయంతయు శ్రుతి మారుట ఈ కూడికవలననే.

ఆ లెక్కలోనే యంత్రముయొక్క కొరతయు కనబడుచున్నది. 60కిని 61కిని నడుమ మరియొక మెట్టు ఆ లిపిలో లేదు. మన సంగీతమునకు ప్రాణమైన గమకము సరిగా ఆ నడుమనే యున్నది. తోడిరాగములోని గాంధారమును గమనింపుడు. అది ఒకచోట నిలిచియుండక ఉయ్యెలవలె ఊగుచుండును. ఆ ఊపు లేనిచో అది తోడి కానే కాదు. యంత్రము తెరపై గాంధారమును చక్కగా చూపును. వినిపించునపుడు మాత్రము మొద్దువలె ఒక్కచోట నిలిపి పలుకును. స్వరము తప్పలేదు, కాని రాగము కనబడదు. సుబ్బరామ దీక్షితులు గమకములకు వేరువేరు గుర్తులను కల్పించినది ఈ కష్టమును ఎరిగియే. ఆ గుర్తులను సైతము గురువునొద్ద వినినవాడే పాడగలడు గాని, కంటితో చూచినవాడు పాడజాలడు.

కావున వ్రాసిన స్వరము ఇంటికి దారిచూపు పటమువంటిది. పటము చేతనున్న దారి తప్పము. కాని పటమును చూచినంతనే ప్రయాణము ముగియదు. యంత్రము పలికినదే సరియని నమ్మి గురువును విడిచినవాడు స్వరములను నేర్చును గాని సంగీతమును నేర్వడు. గురువునొద్ద నేర్చిన పాఠమును ఇంటికడ మరచిపోకుండుటకు పలకను వాడినవానికి అది గొప్ప మిత్రుడగును.

వ్రాసిన దానిని కాపాడుకొనుటయు అంతటి ముఖ్యమైన పని. ఒక యాప్‌లో వ్రాసినది మరియొక యాప్‌లో తెరచుకొనకపోవచ్చును. పలక పగిలినచో దానిలో మాత్రమే యున్న పాటయు దానితోడనే పోవును. ఒక యాప్ నుండి మరియొక దానికి పాటను చేరవేయుటకై మ్యూజిక్‌ఎక్స్‌ఎమ్‌ఎల్ అను ఉమ్మడి రూపము 2004లో ఏర్పడినది. పాటను ఆ రూపమునందు కూడ దాచుకొనుట మేలు. ఒక ప్రతిని కాగితముపై అచ్చుతీసి ఉంచుకొనుట ఇంకను మేలు. పాట తలమీద రాగము, తాళము, ఎవరు పాడగా వ్రాసితిమో వారి పేరు, వ్రాసిన తేది తప్పక ఉండవలెను. స్వరముల క్రింద తెలుగు మాటలను అక్షరము అక్షరమునకు సరిపోవునట్లు చేర్చవలెను. గమకముండుచోట వ్రాయలేకపోయినను, ఇచ్చట ఊపు కలదని మాటలతోనైన సూచింపవచ్చును. వీలున్నచో పాడినవారి కంఠమును కూడ అదే పలకపై ముద్రించి, వ్రాతకు జతగా నుంచవలెను. అపుడు వ్రాతలో చాలనిది కంఠము తీర్చును. కంఠములో తెలియని స్వరస్థానమును వ్రాత తెలుపును.

మీ ఇండ్లలో అవ్వలు పాడు జోలపాటలు, మంగళహారతులు, అప్పగింతల పాటలు ఇంకను ఎన్నియో కలవు. తెలంగాణమున బతుకమ్మ చుట్టు తిరుగుచు పాడు పాటలు ఊరూరికిని కొంత మారుచుండును. వీనిలో పెక్కు ఏ గ్రంథమునందును స్వరసహితముగా లేవు. వానికి ఆ పాడు కంఠములే గ్రంథములు. సెలవుదినములలో ఒక అవ్వ చెంత కూర్చుండి, ఆమె పాడిన చిన్నపాటను విని, మీ సంగీతోపాధ్యాయుని సాయముతో దానిని పలకపై వ్రాయుడు. వ్రాసిన దానిని ఆమెకు వినిపింపుడు. ‘అట్లు కాదు నాయనా, ఇచ్చట కొంచెము జారవలెను’ అని ఆమె దిద్దినచో సిగ్గుపడక మరల వ్రాయుడు. ఆమె సరియని తల ఊపువరకు ఆ పని ముగియలేదని తెలిసికొనుడు.

అన్నమయ్య పాడిన వరుసను మనము నేడు తెచ్చుకొనజాలము. కాని మన కాలమున మన ఇంట వినబడుచున్న వరుస రేపటివారికి దక్కుట మన చేతిలోనే యున్నది. అందుకు కావలసిన పలక నేడు పలువురికి అందుబాటులోనికి వచ్చినది. శ్రద్ధగా విను చెవిని మాత్రము మనమే సమకూర్చుకొనవలెను.