రికార్డింగ్ డాన్సు
రికార్డింగ్ డాన్సు అనేది తెలుగు ప్రాంతాలలో జాతరలు, పండుగల సందర్భంగా రాత్రివేళ సినిమా పాటల రికార్డులకు అనుగుణంగా చేసే నృత్య ప్రదర్శన. తెలంగాణలోని చిందు భాగవతంలో వలె ఇందులో కథ ఉండదు. 1889లో పారిస్ నగరంలో ప్రారంభమైన మూలాన్ రూజ్ వంటి క్యాబరే ప్రదర్శనకు టిక్కెట్టు కొన్నవారే వెళ్తారు. చూడాలా, వద్దా అన్నది వారి నిర్ణయం. జాతర స్థలం బహిరంగం కనుక పిల్లలు, ఇష్టం లేనివారు కూడా ఈ ప్రదర్శనను చూడవలసి వస్తుంది. నృత్యం దానంతట అది నేరం కాదు. బహిరంగంగా ఇతరులకు ఇబ్బంది కలిగించే అశ్లీల చేష్టలు నేరం. 2024 జూన్ 30 వరకు భారత శిక్షాస్మృతి 294వ సెక్షను దీనికి వర్తించేది. ఆ తరువాత భారతీయ న్యాయ సంహిత 296వ సెక్షను వర్తిస్తున్నది. గరిష్ఠ కారాగార శిక్ష 3 నెలలు. ప్రదర్శనలను పూర్తిగా నిషేధిస్తే నృత్యకారిణులు జీవనోపాధి కోల్పోతారు.